నీరుగంటి పోయాక చెరువు ఎవరిది?

బెంగళూరు నడిబొడ్డున, కంఠీరవ స్టేడియం పక్కన, కోనేరంత నీటిగుంట ఒకటి ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు దాని వైపు ఎవరూ తల తిప్పి చూడరు. చైత్రమాసంలో కరగ ఉత్సవం వచ్చిందంటే మాత్రం ఆ గుంట చుట్టూ జనమే జనం. ధర్మరాయస్వామి గుడి నుంచి తిగళ కులస్థులు మేళతాళాలతో అక్కడికి తరలి వస్తారు. ద్రౌపదమ్మ కరగం ఆ నీటి ఒడ్డునే పుట్టాలన్నది తరతరాలుగా వాళ్ళు తప్పని ఆచారం. ఒకప్పటి సంపంగి చెరువులో మిగిలిన తునక అది. చెరువులో తక్కిన భాగమంతా ఇప్పుడు పరుగుపందేల ట్రాక్, ప్రేక్షకుల గ్యాలరీలు, వాహనాలు నిలిపే జాగా.

ఒక నగరం చెరువును ఎలా పోగొట్టుకుంటుందో, పోయినదాంట్లో కొంతైనా ఎలా తిరిగి తెచ్చుకుంటుందో తెలుసుకోవాలంటే బెంగళూరు చరిత్ర చదవాలి. రెండు పనులూ ఆ ఊరు పెద్ద ఎత్తున చేసింది. అక్కడ జరిగిన తప్పుల్లో చాలావాటిని హైదరాబాద్ కూడా చేసింది, ఇప్పుడు దిద్దుకునే ప్రయత్నంలో ఉంది.

బెంగళూరుకు చెప్పుకోదగ్గ నది లేదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, గట్టు మీద కట్టిన ఊరు అది. కురిసిన వాన మూడు లోయల గుండా జారిపోతుంది. వృషభావతి లోయ నీరు అర్కావతిలో కలిసి కావేరికి చేరుతుంది. హెబ్బాళ లోయ, కోరమంగళ-చల్లఘట్ట లోయ తూర్పుకు పారి దక్షిణ పినాకినిలో కలుస్తాయి. జారిపోయే ఆ నీటిని ఎక్కడికక్కడ ఆపుకోకపోతే వేసవికి గుక్కెడు నీళ్ళుండవు. అందుకే వాలు వెంబడి ఒకదాని కింద ఒకటిగా గొలుసుకట్టు చెరువులు వెలిశాయి. పై చెరువు నిండి అలుగు పారితే కింది చెరువుకు నీరొస్తుంది. గంగరాజుల కాలం నుంచి విజయనగర కాలం దాకా ఈ పని ఆగలేదు. 1537లో కోట కట్టి పేట నిలిపిన కెంపెగౌడ, ఆయన వంశం వాళ్ళు ఆ పద్ధతినే కొనసాగించారు. ధర్మాంబుధి, కెంపాంబుధి, సంపంగి చెరువులను ఆ వంశం పేరు మీదే చెబుతారు.

ఈ చెరువుల వెనక తెలుగువాళ్ళ చెమట కూడా ఉంది. కన్నడనాట భోవులని పిలిచే వడ్డెరలు తరతరాలుగా మట్టిపని, రాతిపని చేసినవాళ్ళు. చెరువు తవ్వాలన్నా, కట్టకు రాయి పరవాలన్నా వాళ్ళనే పిలిచేవారు. వాళ్ళలో చాలామందికి ఇంటి భాష తెలుగే. బెంగళూరు తూర్పు వైపున వర్తూరు, బెళ్ళందూరు చుట్టుపక్కల ఆయకట్టు కింద వరి పండించిన రెడ్ల ఇళ్ళలోనూ తెలుగు వినిపిస్తుంది.

చెరువు కట్టడం ఎంత లెక్కగా సాగేదో చూడాలంటే కడప జిల్లా పోరుమామిళ్ళకు వెళ్ళాలి. అక్కడి పెద్ద చెరువును బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. 1369 నాటి సంస్కృత శాసనం ఆ చెరువు దగ్గరే ఉంది. వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో రాసి ఉంది. అంతటితో ఆగలేదు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ వరసగా చెక్కించారు. నీటిశాస్త్రం తెలిసినవాడు కావాలి, అడుగున గట్టినేల ఉండాలి, దగ్గరలో పొడవాటి రాళ్ళు దొరకాలి, పని తెలిసిన మనుషుల బృందం ఉండాలి. ఇవి అంగాల్లో కొన్ని. కట్టలోంచి నీరు ఊరడం, నేల చవుడు కావడం, రెండు రాజ్యాల సరిహద్దున పడటం, చెరువు నడుమ దిబ్బ ఉండటం దోషాలు. నీరు తక్కువై పొలం ఎక్కువైనా, పొలం తక్కువై నీరు ఎక్కువైనా దోషమే. నీటికీ నేలకూ, నేలకూ మనుషులకూ మధ్య పొత్తు కుదరాలని దీని సారం.

ఆ పొత్తును రోజూ కాపాడేవాడు నీరుగంటి. తెలంగాణ పల్లెల్లో ఆ పనే చేసేవాణ్ణి నీరటి అంటారు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ పొలానికి ఎంతసేపు నీరు వదలాలి, కట్ట మీద ఎలుక బొరియ ఎక్కడ పడింది, అలుగు దగ్గర రాయి కదిలిందా అని చూసేది అతనే. రైతులు కోతల కాలంలో ఇచ్చే గింజలే అతని జీతం. అతనితో పాటు ఇంకా ఎంతోమందికి చెరువుతో పని ఉండేది. వేసవిలో నీరు తగ్గగానే రైతులు పూడికమట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. కుమ్మరి బంకమన్ను తీసుకెళ్ళేవాడు. చాకలికి రేవు, గొల్లకు గడ్డి, జాలరికి చేపలు. ఒడ్డున గుండుతోపు ఉండేది, నాగప్రతిమల రాళ్ళుండేవి, ఊరి అమ్మవారి గుడి ఉండేది. పూడిక తీయించడానికి ఎవరూ టెండర్లు పిలవలేదు. ఎవరి అవసరానికి వాళ్ళు తీసుకెళ్తుంటే చెరువు దానంతటదే లోతుగా ఉండేది.

ఈ ఏర్పాటు కొళాయి రాకతో సడలింది. 1890ల్లో అర్కావతి మీద హెసరఘట్ట నుంచి బెంగళూరుకు గొట్టాల్లో నీళ్ళు తెచ్చారు. 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయం వచ్చింది. 1974లో కావేరి నీరు వచ్చింది. ప్రతి పథకమూ అంతకుముందు దానికన్నా దూరం నుంచి నీరు తెచ్చింది. దాహం తీరింది కాబట్టి దీన్ని తప్పుపట్టలేం. అయితే నీళ్ళు వంద కిలోమీటర్ల అవతలి నుంచి రావడం మొదలయ్యాక, ఇంటి పక్క చెరువు నగరం కళ్ళకు నీళ్ళలా కాక నేలలా కనిపించసాగింది.

సంపంగి చెరువు కథలో ఈ మార్పు కళ్ళకు కడుతుంది. హిత ఉన్నికృష్ణన్, బి. మంజునాథ, హరిణి నాగేంద్ర అనే ముగ్గురు పరిశోధకులు పాత పటాలను, ప్రభుత్వ పత్రాలను వెదికి ఈ కథను బయటికి తీశారు. చెరువు అటు దేశీయుల పేటకూ ఇటు ఆంగ్లేయుల కంటోన్మెంట్‌కూ మధ్యన ఉండేది. దాని చుట్టూ తిగళుల కూరగాయల తోటలు, పూలతోటలు ఉండేవి. చెరువు నిండితే బావులు నిండుతాయి, బావులు నిండితే తోటలు బతుకుతాయి. కనుక చెరువులో నీరు నిలపాలని తోటలవాళ్ళు సర్కారుకు అర్జీలు పెట్టుకున్నారు. పోలో ఆడేవాళ్ళకు ఎండిన చదును నేల కావాలి. ఆటవాళ్ళ మాటే నెగ్గింది. 1930ల చివరికి చెరువు ఓ చిన్న చదరపు గుంటగా కుదించుకుపోయింది. తరవాత స్టేడియం వచ్చింది. తోటలు పోయాయి, తిగళులు వేరే పనులు వెదుక్కున్నారు. కరగ ఒక్కటి మాత్రం ఆ గుంటను వదల్లేదు. ఆ గుంట మిగలడానికి ఆ ఆచారమే అండగా నిలిచింది.

తక్కిన చెరువులకు ఆ పాటి అండ కూడా లేదు. ధర్మాంబుధి మీద మెజెస్టిక్ బస్టాండ్ వచ్చింది. అక్కితిమ్మనహళ్ళి చెరువు హాకీ మైదానమైంది. చల్లఘట్ట చెరువు గోల్ఫ్ కోర్సయింది. కోరమంగళ చెరువు నేల మీద జాతీయ క్రీడల కోసం ఇళ్ళ సముదాయం లేచింది. వీటిలో చాలావరకు దొంగతనంగా జరిగిన కబ్జాలు కావు. ప్రభుత్వమే పథకం వేసి, మంజూరు చేసి కట్టినవి. 1985లో ఎన్. లక్ష్మణరావు అధ్యక్షతన వేసిన కమిటీ ఇకమీదట చెరువులు తెంపవద్దని, ఉన్నవాటిని కాపాడుకోవాలని చెప్పేనాటికి ఊరి నడుమ చెరువులు చాలావరకు మాయమయ్యాయి.

చెరువులను బాగుచేయాలన్న ఆలోచన గట్టిపడ్డాక మొదట కనిపించిన దారి అందం. 2002లో కర్ణాటక ప్రభుత్వం చెరువుల అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. కొన్నాళ్ళకు హెబ్బాళ, నాగవార, అగర వంటి పెద్ద చెరువులను ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడం మొదలైంది. కంపెనీ చెరువును శుభ్రం చేయాలి, బదులుగా పడవలు తిప్పుకుని, హోటల్ పెట్టుకుని, టికెట్ వసూలు చేసుకోవచ్చు. కాగితం మీద లెక్క బాగానే ఉంది. అయితే టికెట్ పెట్టిన రోజు నుంచి గడ్డికోసుకునే మనిషికీ, వల వేసే జాలరికీ గేటు దగ్గరే దారి మూసుకుపోయింది. ఎన్విరాన్‌మెంట్ సపోర్ట్ గ్రూప్ అనే సంస్థ 2008లో దీనిపై హైకోర్టుకు వెళ్ళింది. కోర్టు జస్టిస్ ఎన్.కె. పాటిల్ నేతృత్వంలో కమిటీ వేసింది. 2012లో ఇచ్చిన తీర్పుతో చెరువుల రక్షణకు జిల్లా స్థాయి కమిటీలు వచ్చాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే సర్జాపుర రోడ్డులో మరో రకం ప్రయత్నం జరిగింది.

కైకొండ్రహళ్ళి చెరువు విస్తీర్ణం 48 ఎకరాలు. ఎగువన కసవనహళ్ళి చెరువు, దిగువన సౌళ్ కెరె, ఆ కింద బెళ్ళందూరు, ఇంకా కింద వర్తూరు. ఆ గొలుసులో ఇదో లంకె. పాత తరం ఊరివాళ్ళు దీని నీళ్ళు తాగారు, దీని కింద పంటలు పండించారు. ఐటీ కంపెనీలు వచ్చి చుట్టూ అపార్టుమెంట్లు లేచాక పొలాలు పోయాయి, బోర్లు పడ్డాయి. మురుగునీరు చెరువులోకి మళ్ళింది, ఒడ్డున చెత్తకుప్పలు పేరుకున్నాయి. 2007లో చుట్టుపక్కల 110 గ్రామాలను కలుపుకుని బృహత్ బెంగళూరు మహానగర పాలికె ఏర్పడింది. పంచాయతీ చేతిలోని చెరువు పాలికె చేతికి వచ్చింది. బాగుచేయడానికి పాలికె దగ్గర డబ్బుంది, ఇంజినీర్లున్నారు. ఏ చెరువుకైనా వేసే నమూనా ఒకటి తయారుగా ఉంది: తవ్వు, చుట్టూ రాతిగోడ కట్టు, నడకదారి వెయ్యి, కంచె బిగించు.

చుట్టుపక్కల అపార్టుమెంట్లవాళ్ళు ఆ నమూనా చూసి మాట్లాడదామన్నారు. వాళ్ళతో హరిణి నాగేంద్ర వంటి పర్యావరణ శాస్త్రవేత్తలు, భవన నిర్మాణ నిపుణులు, పాత ఊరి పెద్దలు చేరారు. వర్షం ఏ వైపు నుంచి వచ్చేది, నీరు ఎక్కడ లోతుగా నిలిచేది, ఏ చెట్ల కింద పూజలు జరిగేవి అన్న సంగతులు పెద్దలు చెప్పారు. 2009లో మొదలైన పనులు 2011 నాటికి ఓ కొలిక్కి వచ్చాయి. ముందు మురుగు కాలువలను చెరువులోకి రాకుండా పక్కకు మళ్ళించారు. చెరువును ఎండగట్టి పూడిక తీశారు. చుట్టూ దేశవాళీ మొక్కలు నాటారు. పక్షుల కోసం నీటి నడుమ దిబ్బలు వదిలారు. వినాయక నిమజ్జనానికి అసలు చెరువుతో సంబంధం లేని చిన్న కోనేరు (కల్యాణి) కట్టారు. రంగుల విగ్రహాలు అందులోనే మునుగుతాయి, పండగ ఆగదు, చెరువు పాడవదు.

అసలు విశేషం ఒడ్డున ఉంది. చెరువు పక్కనే ప్రభుత్వ బడి ఉంది. ఆ పిల్లలు ఆడుకోవడానికీ, పక్షులను చూసి పాఠాలు నేర్చుకోవడానికీ చెరువు తెరిచే ఉంటుంది. మెట్లమెట్లుగా కూర్చునే బహిరంగ వేదిక ఒకటుంది. ఏటా అక్కడ జరిగే కెరె హబ్బలో (చెరువు పండగలో) కథలు చెబుతారు, బొమ్మలు వేస్తారు, పక్షులను గుర్తుపట్టడం నేర్పుతారు. పశువులున్నవాళ్ళు వచ్చి ఒడ్డున మొలిచిన గడ్డి కోసుకుపోవచ్చు. ఉదయంపూట బూట్లు వేసుకుని నడిచే ఉద్యోగి పక్కనుంచే గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న మనిషి వెళ్తాడు. ఈ దృశ్యం నగరపు పార్కుల్లో దొరకదు. గడ్డి కోయడం చెరువుకు ఉపకారం కూడా. కోయకుండా వదిలేస్తే అది కుళ్ళి నీట్లో కలిసి పోషకాలను పెంచుతుంది, ఆపైన గుర్రపుడెక్క, పాచి పెరుగుతాయి. పూర్వం పూడిక తోలుకున్న రైతు లాగే, గడ్డి కోసుకునే మనిషి తన పని తాను చేసుకుంటూనే చెరువును శుభ్రం చేస్తున్నాడు.

చెరువు బాగోగులు చూడటానికి నివాసులు మహదేవపుర పరిసర సంరక్షణె మత్తు అభివృద్ధి సమితి పేరుతో సంఘం పెట్టుకున్నారు. పాలికెతో ఒప్పందం రాసుకుని కాపలావాళ్ళకూ తోటమాలులకూ జీతాలు సమకూర్చారు. ఉమ్మడి వనరుల నిర్వహణ మీద పరిశోధనకు 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, హరిణి నాగేంద్రతో కలిసి బెంగళూరులోని ఏడు చెరువులను పోల్చి చూశారు. ఆస్ట్రమ్ 2012లో చనిపోయారు. ఆ పరిశోధన 2014లో అచ్చయింది. ఏ చెరువు బాగుపడుతుంది, ఏది పడదు అన్నదాన్ని నీటి రసాయనాలతోనే తేల్చలేమని, చుట్టూ ఉన్న మనుషులు ఎలా కూడగట్టుకుంటారు, ప్రభుత్వంతో ఎలా పనిచేస్తారు అన్నదీ చూడాలని ఆ పని చూపింది.

ఒడ్డు ఎలా తీర్చాలన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది, కానీ చెరువు బతుకు సగం అక్కడే తేలుతుంది. కాంట్రాక్టరుకు సులువైన పద్ధతి చెరువును గిన్నెలా తవ్వి, అంచులు నిటారుగా లేపి, రాయి పరవడం. అలాంటి చెరువులో నీరు నిండుగా కనిపిస్తుంది గానీ కొంగ నిలబడటానికి చోటుండదు. కొంగలకూ ఉల్లంకిపిట్టలకూ మోకాలిలోతు కూడా లేని నీరు కావాలి, బురద కావాలి. చేప గుడ్లు పెట్టేది ఆ పలచని నీటి గడ్డిలోనే. తుంగ, జమ్ము మొలిచేది అక్కడే. అంచు మెల్లగా వాలుతూ వచ్చి నీట్లో కలిస్తే, వానకూ ఎండకూ నీరు ముందుకూ వెనక్కూ జరుగుతూ రకరకాల జీవులకు చోటిస్తుంది. పిల్లవాడు కాలుజారినా మునిగిపోడు. పశువు దిగి నీళ్ళు తాగగలదు.

నడుమ దిబ్బ సంగతి ఇంకా ఆలోచించవలసింది. పోరుమామిళ్ళ శాసనం దాన్ని దోషమంది. సాగునీటి చెరువుకు ఆ మాట నిజమే, దిబ్బ ఎంత ఉంటే నీటి నిల్వ అంత తగ్గుతుంది. నేటి నగరపు చెరువుకు కింద ఆయకట్టు లేదు. కుక్కలూ మనుషులూ చేరలేని దిబ్బ ఉంటే గూడబాతులు, నీటికాకులు, నీటికోళ్ళు నిశ్చింతగా నిలుస్తాయి. ఆరువందల యాభై ఏళ్ళలో చెరువు పని మారింది, అందుకు తగ్గట్టు దాని ఆకారమూ మారింది. పనిని బట్టి ఆకారం ఉండాలన్న శాసనకారుల పద్ధతి మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది.

నీరు ఎక్కడి నుంచి తేవాలి? వాన ఒక్కటే చాలని నగరాల్లో మురుగునే శుద్ధి చేసి వాడుకోవాలి. బెంగళూరు ఉత్తరాన 160 ఎకరాల జక్కూరు చెరువు దగ్గర జలమండలి శుద్ధి కేంద్రాన్ని నడుపుతోంది. శుద్ధయిన నీరు నేరుగా చెరువులో పడదు. ముందు జమ్ము, తుంగ పెరిగిన చిత్తడినేల గుండా నెమ్మదిగా పారుతుంది. మిగిలిన నత్రజని, భాస్వరాలను ఆ మొక్కల వేళ్ళు, వాటిని అంటిపెట్టుకున్న సూక్ష్మజీవులు చాలావరకు పట్టుకుంటాయి. ఆ తరవాతే నీరు చెరువులో కలుస్తుంది. అక్కడ లైసెన్సున్న జాలరులు చేపలు పడతారు, పశువులవాళ్ళు గడ్డి కోసుకుంటారు, జలపోషణ్ అనే నివాసుల సంఘం కన్నేసి ఉంచుతుంది. శుద్ధి కేంద్రం, చిత్తడినేల, చెరువు, మనుషులు అన్న ఆ వరసలో ఏ ఒక్కటి తప్పినా తక్కినవి కూలతాయి.

ఒక్క చెరువును ఎంత చక్కగా దిద్దినా గొలుసులో తక్కినవి చెడితే ఆ ఫలం నిలవదు. కైకొండ్రహళ్ళికి దిగువనే ఉన్న బెళ్ళందూరు చెరువు సుమారు 900 ఎకరాలు. నగరపు మురుగు పెద్ద భాగం అందులోకే పోయింది. అలుగు దగ్గర సబ్బునురుగు తెట్టెలు తెట్టెలుగా లేచి గాలికి రోడ్డు మీద వాహనాలపై పడేది. 2015లో ఆ నురుగు అంటుకుంది. 2017 ఫిబ్రవరిలోనూ, 2018 జనవరిలోనూ చెరువులోని ఎండిన కలుపు తగలబడి గంటల తరబడి పొగలు కక్కింది. చెరువు చుట్టూ ఎంత జాగా వదలాలన్న వాదన కూడా తేలడానికి ఏళ్ళు పట్టింది. 2016లో జాతీయ హరిత ట్రైబ్యునల్ 75 మీటర్లు వదలాలంది. 2019లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది.

హైదరాబాద్‌కు ఇవన్నీ తెలిసిన బాధలే. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో కట్టిన హుస్సేన్ సాగర్ చాలాకాలం తాగునీటి చెరువు. ఆ పని తీరాక కట్ట మీద విగ్రహాలు, నడుమ బుద్ధుడు, చుట్టూ నెక్లెస్ రోడ్డు వచ్చాయి. కట్ట అందంగా తయారవుతుండగా కూకట్‌పల్లి నాలా మురుగునూ పరిశ్రమల వ్యర్థాలనూ తెచ్చి చెరువులో పోసింది. ఆ నాలాను మళ్ళించడానికి కోట్లు ఖర్చు పెట్టవలసి వచ్చింది. అందమూ ఆరోగ్యమూ వేరువేరు పద్దులని హుస్సేన్ సాగర్ చూపించింది.

చెరువుల విలువ హైదరాబాద్‌కు మరో రకంగానూ తెలుసు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టనబెట్టుకుంది. విచారణకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 తెగాయని లెక్క తేల్చారు. ఒకదాని తరవాత ఒకటి తెగిన చెరువులు వరదను కొండంత చేశాయి. చక్కగా ఉంటే వాననీటిని పట్టి ఉంచే గొలుసు, తెగితే అదే నీటిని ఒక్కసారిగా ఊరి మీదికి వదిలింది.

ఆ తేదీకి సరిగ్గా 117 ఏళ్ళ తరవాత, 2025 సెప్టెంబరు 28న, అంబర్‌పేటలో బతుకమ్మ కుంటను ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రారంభించారు. 1962-63 రెవెన్యూ రికార్డుల ప్రకారం ఆ కుంట 14 ఎకరాల 6 గుంటలు. తాజా సర్వేలో మిగిలింది 5 ఎకరాల 15 గుంటలు. ఆ మిగిలినదీ కుంటలా లేదు. కట్టడాల శిథిలాలు పోసి చదును చేసిన నేల, దాని మీద ముళ్ళపొదలు. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ, స్థలం మీద కోర్టులో వివాదాన్ని ఎదుర్కొంటూనే, 2025 ఫిబ్రవరిలో తవ్వకం మొదలుపెట్టింది. కొద్ది అడుగులు దిగగానే నీరు ఉబికింది. పైన ఇన్నేళ్ళు మట్టి కప్పినా, అడుగున కుంట తన తావును మరిచిపోలేదు. మిగతా ఎనిమిదిన్నర ఎకరాలకు పైగా జాగాలో జనం ఇళ్ళు కట్టుకుని బతుకుతున్నారు. వాటి జోలికి వెళ్ళబోమని హైడ్రా ముందే చెప్పింది. ఆ మాట ఇచ్చాకే కాలనీవాసుల భయం తగ్గింది. పేదల ఇళ్ళు కూల్చి తెచ్చుకున్న చెరువును ఆ ఇళ్ళవాళ్ళు తమదనుకోలేరు.

బతుకమ్మ కుంటకున్న బలం దాని పేరులోని పండగ. తంగేడు, గునుగు, బంతి పూలతో పేర్చిన బతుకమ్మను ఎత్తుకుని ఆడవాళ్ళు చివరికి చేరవలసింది నీటి దగ్గరికే. నగరంలో చెరువులు పోతుంటే ప్లాస్టిక్ తొట్టెల్లో, తాత్కాలిక గుంటల్లో బతుకమ్మను సాగనంపవలసి వచ్చింది. ఇప్పుడు ఆ కుంట ఒడ్డున మళ్ళీ ఆడారు. సంపంగి గుంటను కరగ కాపాడినట్టు, ఏడాదికి తొమ్మిది రోజులు ఈ కుంటను బతుకమ్మ కాపాడుతుంది. మిగిలిన రోజుల సంగతే చూసుకోవాలి.

ఆ రోజులకు కావలసింది మనిషి. కైకొండ్రహళ్ళి వంటి చెరువులను చందాలు ఇచ్చే దాతలు, తీరిక చేసుకుని వచ్చే నివాసులు నిలబెట్టారు. దాతల మనసు మారవచ్చు, ఒప్పందాల గడువు తీరిపోవచ్చు. పల్లె చెరువుకు నీరటి ఎలా ఉండేవాడో, నగరపు చెరువుకూ దాన్ని చూడటమే ఉద్యోగమైన మనిషి ఉండాలి. వానాకాలానికి ముందు నాలా ముఖం శుభ్రం చేయించాలి, మురుగు గొట్టం ఎక్కడ పగిలిందో కనిపెట్టాలి, గడ్డి కోసేవాళ్ళను రానివ్వాలి, మట్టి పోయడానికి వచ్చిన లారీని ఆపాలి, పండగ మర్నాడు పూలూ పళ్ళేలూ ఏరించాలి. తెలంగాణలో ఈ పనికి వంశాల అనుభవం ఇంకా ఉంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టినప్పుడు పూడికమట్టిని రైతులు మళ్ళీ పొలాలకు తోలుకున్నారు. 2023లో గ్రామ రెవెన్యూ సహాయకుల (వీఆర్ఏ) వ్యవస్థను రద్దు చేసి 20 వేలకు పైగా మందిని వేర్వేరు శాఖల్లో సర్దారు. వాళ్ళలో నీరటి కుటుంబాలవాళ్ళూ ఉన్నారు. బాగుచేసిన ప్రతి చెరువుకూ వాళ్ళలో ఒకరిని నియమించి, ఆ జీతాన్ని నగరపాలక సంస్థ బడ్జెట్‌లో శాశ్వత పద్దుగా చేర్చవచ్చు. నడకదారికీ దీపాలకూ కోట్లు కేటాయించే చోట ఈ పద్దు పెద్ద బరువేమీ కాదు. వచ్చే వానాకాలానికి ముందే బతుకమ్మ కుంటలో ఆ పని మొదలుపెట్టవచ్చు.